స్లెడ్ కుక్కకు ఎవరి అంకెలు మేలు: తోడేలువా, మాస్టిఫ్‌వా?

పాచికలు వేస్తూ పాత్రలు ధరించి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదవ ఎడిషన్ 2014లో వచ్చినప్పుడు, దాని మూల గ్రంథాలలో మంచుబండి లాగే జాతులైన సైబీరియన్ హస్కీకి గాని, అలాస్కన్ మాలమ్యూట్‌కు గాని విడిగా స్టాట్ బ్లాక్ (బలం, ప్రాణం, దాడి వంటి అంకెల పట్టిక) ఇవ్వలేదు. అందువల్ల పాత్రలు మంచులో స్లెడ్ (మంచుబండి) కట్టుకుని బయలుదేరినప్పుడు ఆట నడిపే డంజన్ మాస్టర్ తోడేలు అంకెలనో, మాస్టిఫ్ అనే కాపలా కుక్క అంకెలనో అరువు తెచ్చుకోవాలి, లేదా సొంతంగా ఒక జంతువును రాసుకోవాలి. మంచుసీమలో సాగే అధికారిక సాహసం ‘ఐస్‌విండ్ డేల్: రైమ్ ఆఫ్ ది ఫ్రాస్ట్‌మెయిడెన్’ 2020లో మొదటి దారినే పట్టి, తోడేలు అంకెలు వాడమని, ఒక్కో కుక్క 360 పౌండ్లు లాగుతుందని, గంటసేపు లాగాక షార్ట్ రెస్ట్ (చిన్న విరామం) ఇవ్వకపోతే ఒక మెట్టు అలసట వస్తుందని చెప్పింది.

ముందుగా పోరు సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ఎంపిక తేడా కొట్టేది అక్కడే. 2014 గ్రంథాల లెక్కలో తోడేలుకు 11 హిట్ పాయింట్లు (ప్రాణ బలం), మాస్టిఫ్‌కు 5. తోడేలు కాటుకు సగటున 7 నష్టం, మాస్టిఫ్ కాటుకు 4. కరిచి పడగొట్టే గుణం రెండింటికీ ఉంది, తప్పించుకోవడానికి వేయవలసిన పాచిక పందెంలో (సేవింగ్ త్రో) చేరవలసిన అంకె కూడా రెండింటికీ 11గా సమానమే. అయితే శత్రువు పక్కన తోటి కుక్క ఉంటే దాడికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు) ఇచ్చే ప్యాక్ టాక్టిక్స్ తోడేలుకు మాత్రమే దక్కింది. ఇప్పుడు స్లెడ్‌కు ఆరు కుక్కలు కట్టారనుకోండి: కాట్లన్నీ తగిలితే తోడేలు అంకెలతో ఒక్క రౌండులో 42 నష్టం జరుగుతుంది, ఇది మొదటి లెవెల్ పాత్రలందరూ కలిసి కొట్టినా సులభంగా చేరలేని అంకె. అప్పుడు ఆటగాళ్లు వీరులుగా మిగలరు, కుక్కల కాపరులవుతారు. మాస్టిఫ్ అంకెలతో అదే జట్టు 24 దగ్గర ఆగుతుంది కనుక, కింది లెవెళ్లలో మాస్టిఫే మేలని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

లాగే పని విషయానికి వస్తే ఒక వింత కనబడుతుంది. 360 అనే సంఖ్య తోడేలు స్ట్రెంగ్త్ (బలం) 12ను 30తో హెచ్చవేయగా వచ్చినదే. అదే లెక్కన స్ట్రెంగ్త్ 13 గల మాస్టిఫ్ 390 పౌండ్లు లాగగలదు. అంటే చవకైన కాపలా కుక్కగా ఉద్దేశించిన జంతువే బండికి ఎక్కువ అక్కరకొస్తుంది.

ఇక అసలు కుక్కల స్వభావానికి ఈ రెండింటిలో ఏదీ పూర్తిగా నప్పదు. సైబీరియాలోని చుక్చీ ప్రజలు పెంచిన హస్కీ మగది 45 నుంచి 60 పౌండ్లు తూగే తేలిక జంతువు, తక్కువ బరువును ఎంతో దూరం వేగంగా లాగడం దాని విద్య. అలాస్కాలో మాలమ్యూట్ ప్రజల పేరే పెట్టుకున్న రెండో కుక్క 85 పౌండ్ల దాకా ఉండి, పెద్ద బరువును నిదానంగా లాగుతుంది. పైగా హస్కీకి కాపలా బుద్ధి తక్కువ, కొత్తవారంటే అనుమానమూ తక్కువ. రాత్రి శిబిరంలోకి గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడు వస్తే అది మొరిగి లేపుతుందని నమ్ముకున్న ఆటగాళ్లకు, అది తోక ఊపుతూ ఎదురెళ్లడం చూపించడంలోనే నిజాయితీ ఉంది. గంటకొక విరామం అనే నియమం నాకు అన్నిటికంటే పేలవంగా తోచింది: 1925లో డిఫ్తీరియా మందును దాదాపు 674 మైళ్లు దాటించి అలాస్కాలోని నోమ్ పట్టణానికి చేర్చిన జట్లు వంతులవారీగా పరుగెత్తినా, గంటగంటకూ ఆగి ఉంటే మందు ఐదున్నర రోజుల్లో చేరేది కాదు.

ఈ కారణాలవల్ల మంచులో చాలాకాలం సాగే ఆటకు సొంత స్టాట్ బ్లాకే మేలు. మాస్టిఫ్‌ను పునాదిగా తీసుకుని రెండు జాతులకూ కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14కు పెంచండి. మాలమ్యూట్‌కు మీడియం పరిమాణం, స్ట్రెంగ్త్ 15, 13 హిట్ పాయింట్లు ఇస్తే అది 450 పౌండ్లు లాగుతుంది. హస్కీకి స్మాల్ పరిమాణం, స్ట్రెంగ్త్ 11, వేగం 50 అడుగులు చాలు. నాలుగు గంటల పరుగు తరువాతే అలసటకు పాచిక వేయించండి. చలికి వేరే నియమం అక్కరలేదు, శీతల వాతావరణానికి సహజంగా అలవాటుపడిన జీవులు తీవ్రమైన చలి పందెంలో వాటంతటవే నెగ్గుతాయని 2014 మూలగ్రంథమే చెబుతుంది. హాఫ్లింగ్ (పొట్టి జాతి పాత్ర) ఎక్కి తిరగాలనుకుంటే మాలమ్యూట్‌నే అడగాలి, తన పరిమాణమే ఉన్న హస్కీ మీద స్వారీకి నియమాలు ఒప్పుకోవు.

ఒకటి రెండు సెషన్లకే స్లెడ్ అవసరమైతే ఇంత శ్రమ దండగ, మాస్టిఫ్ సరిపోతుంది. ఐదో లెవెల్ దాటాక తోడేలు వాడినా ఆట చెడిపోదు. ఆ దశలో ఎదుటి మాంత్రికుడు ఒక్క ఫైర్‌బాల్ (అగ్నిగోళం మంత్రం) వేస్తే, పందెం నెగ్గినా సగటున 14 నష్టం తప్పదు కనుక, నేను రాసిన మాలమ్యూట్‌తో సహా జట్టంతా బండి ముందే కూలిపోతుంది.