భారీ కేంద్రకాన్ని చీల్చడానికి ఏది మేలు: నెమ్మది న్యూట్రానా, వేగం ప్రోటానా?

తుమ్మలపల్లె యురేనియం గని మా కడప జిల్లాలోనే ఉంది కాబట్టి, వేముల, పులివెందుల వైపు నుంచి వచ్చే ఇంటర్ పిల్లలకు కేంద్రక విచ్ఛిత్తి (బరువైన అణు కేంద్రకం చీలడం) పాఠం మీద ఆసక్తి ఎక్కువ. వాళ్లు తరచుగా అడిగేది ఇదే: "సార్, న్యూట్రానే ఎందుకు? ప్రోటాన్‌ను యాక్సిలరేటర్‌లో, అంటే కణాల వేగం పెంచే యంత్రంలో, పెట్టి గట్టిగా కొడితే ఇంకా బాగా పగలదా?" పగులుతుంది. కానీ ఏ పనికి అన్నదాన్ని బట్టి మేలేదో తేలుతుంది.

కరెంటు కోసమైతే పోటీయే లేదు, న్యూట్రానే. దానికి విద్యుదావేశం లేదు, అడ్డుకునేవాళ్లూ లేరు. 0.025 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో నడిచొచ్చినా యురేనియం-235లోకి దూరిపోతుంది. చీలినప్పుడు సుమారు 200 ఎంఈవీ శక్తి వస్తుంది (ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు), వెంట రెండు మూడు కొత్త న్యూట్రాన్లు బయటపడి పని కొనసాగిస్తాయి. ప్రోటాన్‌ను మాత్రం యురేనియంలోని 92 ప్రోటాన్లు వెనక్కి నెడతాయి. వాటిని దాటడానికే పది ఎంఈవీకి పైగా కావాలి. 1000 ఎంఈవీ పెట్టి కొడితే ఆ ఒక్క చీలికలో చేతికొచ్చేది మళ్లీ ఆ 200 చిల్లరే. ఇది నష్టం బేరం. తుమ్మలపల్లెలో టన్ను రాయి నుంచి అర కిలో యురేనియం కూడా రాదు, అందులోనూ 235 రకం 0.7 శాతమే. అంత కష్టపడి తీసినదాన్ని భారజలంతో న్యూట్రాన్ల వేగం తగ్గించే రియాక్టర్లో నెమ్మది న్యూట్రాన్లతో వాడుకోవడమే తెలివైన పని.

కేంద్రకం లోపల ఏముందో తెలుసుకోవాలంటే మాత్రం నేను ప్రోటాన్ వైపే ఉంటాను. నెమ్మది న్యూట్రాన్‌కు సీసం, బిస్మత్ లొంగవు. 1947లో బర్కిలీలోని 184 అంగుళాల సైక్లోట్రాన్ అనే యాక్సిలరేటర్ నుంచి వచ్చిన వేగమైన కణాలకు అవి కూడా చీలాయి. అంత వేగంతో వచ్చిన ప్రోటాన్‌కు కేంద్రకం ఒక ముద్దలా ఎదురుపడదు. అది లోపలి కణాలను విడివిడిగా ఢీకొడుతుంది, కొన్ని అక్కడికక్కడే బయటికి ఎగిరిపోతాయి. వేడెక్కి మిగిలిన కేంద్రకం న్యూట్రాన్లను వదులుతూ చల్లబడుతుంది, లేదా మధ్యలో చీలిపోతుంది. చీలిన ముక్కల్లోనే అసలు తేడా కనిపిస్తుంది. నెమ్మది న్యూట్రాన్‌తో యురేనియం-235 దాదాపు ఎప్పుడూ ఒక పెద్ద ముక్క, ఒక చిన్న ముక్కగా విడిపోతుంది: ద్రవ్యసంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) ప్రకారం ముక్కలను లెక్కిస్తే 95 దగ్గర ఒక శిఖరం, 139 దగ్గర ఇంకొకటి, మధ్యలో లోతైన లోయ. ప్రోటాన్ శక్తి పెంచుతూ పోతే ఆ లోయ పూడిపోయి సమాన ముక్కలు ఎక్కువవుతాయి. మన ఎర్రగుంట్ల బండ గనుల్లో ఉలి పెట్టి పొర వెంట కొడితే పలక నీటుగా లేస్తుంది. అదే రాయికి మందు పెట్టి పేలిస్తే పొరతో పనే ఉండదు. కేంద్రకంలోని అంతర్గత అమరిక కూడా అంత వేడిలో పట్టు కోల్పోతుంది. సెర్న్‌ అనే యూరప్ పరిశోధన కేంద్రంలోని ఐసోల్డె ప్రయోగశాల 1967 నుంచి ప్రోటాన్లతో కొట్టే అరుదైన ఐసోటోపులను తయారు చేస్తోంది.

మూడో దారి ఒకటుంది, నాకు ఎక్కువ ఆశ దానిమీదే. చీల్చే పని ప్రోటాన్‌కు ఇవ్వకుండా న్యూట్రాన్లు పుట్టించే పని ఇవ్వడం. 1000 ఎంఈవీ ప్రోటాన్ ఒకటి మందపాటి సీసం దిమ్మెలోకి వెళ్తే ఇరవైకి పైగా న్యూట్రాన్లు వస్తాయి. వాటిని తనంతట తాను మండలేని రియాక్టర్‌లోకి పంపాలి. అక్కడ ఒక తరం న్యూట్రాన్లు తర్వాతి తరంలో 0.97 వంతే మిగిలినా, నా అంచనా లెక్కలో పెట్టిన శక్తికి సుమారు యాభై రెట్లు వేడి వస్తుంది. ప్రోటాన్లు ఆపితే గొలుసు చర్య ఆగిపోతుంది, వేడిని చల్లార్చే పని ఒక్కటే మిగులుతుంది. థోరియంను వాడుకోవడానికి, దీర్ఘకాలం ఉండే వ్యర్థాలను తగ్గించడానికి ఇది పనికొస్తుందని 1993 నాటికే భౌతిక శాస్త్రవేత్త కార్లో రుబ్బియా వాదించాడు. బెల్జియంలోని మోల్‌లో మిర్రా ప్రాజెక్టు 600 ఎంఈవీ యాక్సిలరేటర్‌తో ఆ దిశగానే సాగుతోంది.

చిక్కు యాక్సిలరేటర్ దగ్గరే. ప్రోటాన్ల ధార మాటిమాటికీ తెగితే రియాక్టర్ లోహం వేడెక్కుతూ చల్లబడుతూ అలసిపోతుంది. ఏళ్ల తరబడి తెగకుండా నడిచే యంత్రం కావాలి. ట్రాంబేలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కట్టిన యాక్సిలరేటర్ 20 ఎంఈవీది, ఈ దారిలో అది మొదటి మెట్టు. అవసరమైనది 1000 ఎంఈవీ. కాబట్టి ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లలు ఉద్యోగాలకు వచ్చేసరికి కూడా మన ఇళ్లకు అణు కరెంటు ఇచ్చేది న్యూట్రాన్ రియాక్టర్లే అవుతాయి. ప్రోటాన్ దారిలో ఇంకా చేయాల్సిన ఇంజినీరింగ్ వాళ్ల కోసమే ఎదురుచూస్తోంది.