పాత ట్రక్కుకు కాపర్-నికెల్ బ్రేక్ పైపులు: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

ముందే తేల్చి చెబుతాను: తుప్పు తిన్న స్టీలు పైపులు పీకేసి కాపర్-నికెల్ పైపు వేయడం సరైన పనే. ఏళ్లు తిరిగాక బండి కింద దూరి చూసినా పైపు చెక్కుచెదరలేదు. పాడైనవన్నీ దాని చుట్టూ ఉన్నవే: నట్లు, క్లిప్పులు, రాపిడి తగిలే మలుపులు. అందుకే ఇక్కడ పైపు గురించి కొంచెం, దాన్ని బిగించే పద్ధతి గురించి ఎక్కువ రాస్తున్నాను. ఇదంతా ఆయిల్ బ్రేకులున్న పికప్పులు, చిన్న ట్రక్కుల సంగతి. ఎయిర్ బ్రేకుల లారీల పైపులు వేరు, లెక్కలూ వేరు.

కాపర్-నికెల్ అంటే సుమారు 90 శాతం రాగి, 10 శాతం నికెల్, కొద్దిగా ఇనుము, మాంగనీసు కలిపిన మిశ్రమం. వోల్వో 1970ల నుంచే కార్లకు ఈ పైపు వాడింది, కాబట్టి నిన్న మొన్న వచ్చిన ప్రయోగమేమీ కాదు. ఉప్పు నీళ్లు, బురద తగిలితే పైన గోధుమ రంగు, అక్కడక్కడా ఆకుపచ్చ మచ్చలు తేలతాయి. గుడ్డతో గట్టిగా తుడిస్తే కింద లోహం నున్నగానే ఉంటుంది. స్టీలు మీద తుప్పు గుంటలు పడుతూ లోపలికి తినేస్తుంది, దీని మీద ఆ గుంటలు కనబడలేదు. పగిలే పీడనం స్టీలు కన్నా తక్కువే, కానీ పెడల్ గట్టిగా తొక్కినప్పుడు వచ్చే పీడనానికి చాలా రెట్లు ఎక్కువ కాబట్టి ఆ లెక్కన భయపడక్కర్లేదు. భయపడాల్సింది అచ్చమైన రాగి పైపుకి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ రాగి అదురుకు గట్టిపడి నెర్రెలిస్తుంది. ఏసీ పనికి వాడే రాగి గొట్టం బ్రేకుకి వేయకూడదు. కొనేటప్పుడు బ్రేక్ ప్రమాణానికి తయారైందని చుట్ట మీద రాసి ఉందో లేదో చూడండి.

స్టెయిన్‌లెస్ గురించి ఒక్క మాట. తుప్పుకి తిరుగులేదు, కానీ మామూలు చేతి పనిముట్లతో దానికి చక్కని డబుల్ ఫ్లేర్ (పైపు మూతిని గరాటులా విప్పి, అంచుని రెండు పొరలుగా మడవడం) రాదు, వంచడమూ కష్టమే. ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకు సిఫారసు చేయను. ప్లాస్టిక్ పూత ఉన్న స్టీలు పైపు చవక, పనికొస్తుంది. అయితే క్లిప్పు కింద పూత చిట్లిన చోట నీళ్లు చేరి మళ్లీ పాత కథే.

కొలతలకు వద్దాం. ఎక్కువ ట్రక్కుల్లో పైపు బయటి వ్యాసం 4.75 మి.మీ., అంటే 3/16 అంగుళం. గోడ మందం 0.7 మి.మీ. కొన్నింట్లో వెనక్కి వెళ్లే పొడవాటి పైపు 6.35 మి.మీ., అంటే 1/4 అంగుళం ఉంటుంది. కొలవకుండా రెండూ ఒకటే అనుకుంటే నట్టు దగ్గర దొరికిపోతారు. 7.6 మీటర్ల చుట్ట పొట్టి బండికి సరిపోవచ్చు, పొడవు ఛాసిస్‌కి రెండోది కావాలి. పాత పైపు వెంట తాడు పరిచి కొలిచి, ప్రతి ముక్కకీ ఒక జానెడు అదనంగా పెట్టుకోండి. ఒక ఫ్లేర్ చెడితే కోసి మళ్లీ చేయడానికి ఆ జానెడే దిక్కు.

నట్ల విషయంలో చాలామంది బోర్లా పడతారు. అమెరికన్ బండ్లలో 3/16 పైపుకి 3/8-24 మర (3/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 మరలు), 1/4 పైపుకి 7/16-24 మర ఎక్కువగా కనిపిస్తాయి. జపాన్, యూరప్ బండ్లలో ఎక్కువగా ఎమ్10×1.0 (10 మి.మీ. వ్యాసం, మరకీ మరకీ మధ్య 1 మి.మీ.). తిరకాసు ఏమిటంటే, మర ఒకటే అయినా ఫ్లేర్ ఒకటే కాదు. జపాన్ బండ్లకు సాధారణంగా 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్, యూరప్ బండ్లకు బబుల్ ఫ్లేర్. డబుల్ ఫ్లేర్ మూతి గరాటులా తెరుచుకుని ఉంటుంది, బబుల్‌ది ఉబ్బెత్తుగా ఉంటుంది. అనుమానముంటే రంధ్రంలోకి టార్చి వేసి చూడండి: లోపల శంకువు పైకి పొడుచుకుని ఉంటే డబుల్, గుంటగా ఉంటే బబుల్. ఒకదాని చోట ఇంకొకటి బిగిస్తే కాసేపు కారకుండా నిలబడినా అది బిగింపు కాదు, జూదం.

పాత నట్లు విప్పడమే మొత్తం పనిలో సగం. ముందు రోజే వైరు బ్రష్షుతో గీకి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. రెండు నోళ్ల మామూలు స్పానర్ వద్దు, ఆ మెత్తని నట్టు అంచులు ఇట్టే గుండ్రబడిపోతాయి. పైపు దూరే చీలిక ఉన్న ఫ్లేర్ నట్టు స్పానర్ కావాలి. ఎలాగూ పైపు పారేసేదే కాబట్టి, మొండికేసిన నట్టు దగ్గర పైపుని కట్ చేసి ఆరు మూలల సాకెట్ వేసి తిప్పడం ఇంకా మేలు. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే రెండూ అతుక్కుపోయాయని అర్థం. ఆ పైపుని వాడుకుందామన్న ఆశ వదులుకోండి. రబ్బరు హోసులోకి వెళ్లే నట్టు కదలకపోతే హోసు కూడా మార్చేయడం నయం. పక్కన పెట్రోలు ట్యాంకు, రబ్బరు ఉన్న చోట మంట పెట్టకండి.

పైపు విప్పే ముందు బ్రేక్ పెడల్‌ని ఒక అంగుళం కిందికి నొక్కి కర్రతో ఆపి ఉంచండి. మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే భాగం) రిజర్వాయర్, అంటే ఆయిల్ డబ్బా, నుంచి వచ్చే రంధ్రం మూసుకుపోయి, పైనున్న ఆయిలంతా నేల మీదకు కారదు. బ్యాటరీ తీసేయకపోతే బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయని మరిచిపోవద్దు.

ఇక ఫ్లేరింగ్. రంపంతో కోయకండి, పైపు కట్టరే వాడండి, అదీ కొంచెం కొంచెంగా బిగిస్తూ. లోపలి బర్రు (కోసిన చోట మిగిలే గరుకు అంచు) గీకేసి, బయటి అంచుని ఆకురాయితో కాస్త వాలుగా రుద్దండి. లోపల పడిన రజను గాలితో ఊదేయాలి, అది వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని నొక్కే భాగం) సీలుని గీస్తుంది. తర్వాత నట్టు ఎక్కించండి, సరైన దిక్కుకి. (అందమైన ఫ్లేర్ చేశాక పక్కన మిగిలిన నట్టుని చూసి నిట్టూర్చని మెకానిక్ ఉండడు.) పైపుని ఫ్లేరింగ్ పనిముట్టు బిగింపులో పెట్టి, అడాప్టర్ (పైపు మూతిలోకి నొక్కే ముక్క) మొదటి మెట్టు ఎత్తు ఎంత ఉందో అంతే బయటికి ఉంచండి. ఎక్కువైతే మడత మందమై పక్కకు వాలుతుంది, తక్కువైతే అంచు సన్నగా వస్తుంది. రెండు చుక్కల బ్రేక్ ఆయిల్ వేసి మొదటి నొక్కు నొక్కితే బుడగ వస్తుంది, రెండో నొక్కుకి అది లోపలికి మడుచుకుంటుంది. రెండో నొక్కులో అత్యుత్సాహం పనికిరాదు, గోడ పలచబడిపోతుంది.

కాపర్-నికెల్ ఇక్కడే డబ్బులు తిరిగిచ్చేస్తుంది. స్టీలు ఫ్లేర్ అంచు పగిలినట్టు ఇది పగలదు. కానీ మెత్తన కాబట్టి చవక రకం బిగింపులో జారుతుంది, ఎక్కువ బిగిస్తే పళ్ల గుర్తులు పడతాయి. ఫ్లేర్ ఒక పక్కకు వాలినా, అంచులో గీత కనబడినా కోసి పారేయండి. వీలైతే బల్ల మీద బిగించే రకమో, హైడ్రాలిక్ రకమో అద్దెకు తెచ్చుకోండి. బండి కింద వెల్లకిలా పడుకుని చవక పనిముట్టుతో కుస్తీ పట్టడం కన్నా అది హాయి.

వంచడానికి చేతులే చాలు, అయినా మలుపు లోపలి వ్యాసార్ధం పైపు వ్యాసానికి మూడింతలకు తగ్గకూడదు. చదునైపోయిన మలుపు ఉంచకండి. మాస్టర్ సిలిండర్ దగ్గర ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన చుట్టలు అలంకారం కాదు, ఇంజిను, బాడీ అదురుని అవే మింగుతాయి. వాటిని తిరిగి పెట్టాలి. మధ్యలో అతుకు తప్పనిసరైతే ఫ్లేర్ యూనియనే (రెండు ఫ్లేర్ చివరల్ని కలిపే ముక్క) వేయండి. కంప్రెషన్ ఫిట్టింగ్ (ఫ్లేర్ లేకుండా రింగు బిగించి పైపుని పట్టే అతుకు) బ్రేకుల్లో ఎక్కడా వేయకూడదు, పైపు దాంట్లోంచి జారి బయటికొస్తుంది.

నట్టుని ముందు చేత్తో నాలుగు చుట్లు తిరిగేలా పట్టించి తర్వాతే స్పానర్ పెట్టండి. 4.75 మి.మీ. పైపుకి సుమారు 15 న్యూటన్ మీటర్లు ఉంటుంది, బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. మొదటిసారి బిగించి, పావు చుట్టు వదిలి, మళ్లీ బిగిస్తే మెత్తని ఫ్లేర్ సీటుకి అచ్చుగా కూర్చుంటుంది. చెమ్మ కనబడితే ఇదే చేయండి, ఊరికే బలం పెంచుకుంటూ పోకండి.

వాడకంలో తేలిన లోపాలు ఇవి. మొదటిది, మామూలు జింకు పూత నట్లకు పైపు కన్నా చాలా ముందే తుప్పు పట్టింది. నట్టు వెనక, పైపు చుట్టూ కాస్త గ్రీజు పూసిన చోట ఆ బాధ లేదు. ఫ్లేర్ మీద మాత్రం గ్రీజు తగలనివ్వొద్దు. రెండోది రాపిడి. మెత్తని పైపు కాబట్టి ఛాసిస్ అంచుకో, బోల్టు తలకో తాకే చోట గోడ అరుగుతుంది. సుమారు 30 సెంటీమీటర్లకు ఒక రబ్బరు పొర క్లిప్పు వేయండి. వెనక యాక్సిల్ మీద, చక్రాల దగ్గర రాళ్లు ఎగిరే చోట స్ప్రింగు కవచం తొడగండి, కానీ నట్టు పెట్టకముందే అది ఎక్కించాలి. మూడోది బురద. ట్యాంకు పైన, యాక్సిల్ వంతెన దగ్గర, పాత ప్లాస్టిక్ క్లిప్పుల కింద మట్టి పేరుకుంటే పైపు బాగానే ఉంటుంది గానీ పక్కనున్న స్టీలు నట్టు, క్లిప్పు కుళ్లిపోతాయి.

ఎయిర్ తీయడం (పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపడం) పొడవాటి పైపు ఉన్న చక్రం నుంచే మొదలు: సాధారణంగా వెనక కుడి, వెనక ఎడమ, తర్వాత ముందు రెండూ. స్టీరింగ్ ఏ పక్క ఉందో, మాస్టర్ సిలిండర్ ఎక్కడుందో బట్టి కుడి ఎడమలు మారతాయి. వెనక యాక్సిల్ మీద బరువుని బట్టి పని చేసే వాల్వు ఉంటే బండిని చక్రాల మీద నిలబెట్టే ఎయిర్ తీయండి. యాక్సిల్ వేలాడుతుంటే ఆ వాల్వు వెనక్కి ఆయిల్‌ని సరిగా వదలదు. ఏబీఎస్ యూనిట్లోకి గాలి వెళ్లిందంటే చాలా బండ్లకు స్కానర్ పెట్టి పంపు తిప్పక తప్పదు. ఆయిల్ క్యాప్ మీద ఏది రాసుంటే అదే: డాట్ 3, డాట్ 4 కలిసినా పర్వాలేదు, సిలికోన్ రకమైన డాట్ 5 మాత్రం వాటితో కలపకూడదు. సీసా మూత తీసి రోజుల తరబడి ఉంచింది వాడొద్దు, అది గాలిలోని తేమ పీల్చేసుకుంటుంది.

చివరగా ఇంజిను ఆన్ చేసి పెడల్‌ని గట్టిగా తొక్కి అరనిమిషం ఆపండి. పెడల్ నెమ్మదిగా దిగిపోతుంటే బయట చెమ్మ లేకపోయినా మాస్టర్ సిలిండర్‌ని అనుమానించాలి. ప్రతి జాయింటునీ తెల్ల కాగితంతో తుడిచి చూడండి. ఒక వారం తిప్పాక ఇదే పరీక్ష మళ్లీ చేయండి, తర్వాత టైర్లు మార్చిన ప్రతిసారీ క్లిప్పుల దగ్గర ఒకసారి టార్చి వేస్తే చాలు.