హిల్‌సాంగ్ యునైటెడ్ ‘జయాన్’: వినడానికి, మందిరంలో పాడడానికి

2013 ఫిబ్రవరిలో విడుదలైన ఈ ఆల్బమ్ పేరు మన బైబిల్లో సీయోను. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో హిల్‌సాంగ్ సంఘ యువజనుల మధ్య పుట్టిన ఈ బృందం అంతకుముందు ఎక్కువగా సభల్లో జనం గొంతు కలుపుతుండగానే పాటలు రికార్డు చేసింది. దీన్ని మాత్రం నిర్మాత మైకేల్ గై చిజ్లెట్‌తో కలిసి స్టూడియోలో పొర మీద పొర వేసి కట్టారు. అందుకే ఫోన్ స్పీకర్లో విని తేల్చేయకండి. అడుగున మోగే సింథ్ బేస్ (సింథసైజర్‌తో పలికించే మంద్ర స్వరం) దానిలో పలకదు, పాట బోలుగా వినిపిస్తుంది. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి పాట ‘రిలెంట్‌లెస్’ వినండి, తేడా తెలుస్తుంది.

అయితే వినడానికి ఇంత బాగున్నవన్నీ సంఘం పాడగలిగేవి కావు. ‘స్కాండల్ ఆఫ్ గ్రేస్’, ‘మెర్సీ మెర్సీ’ నేర్పడం తేలికే. హోరెక్కువ ఉన్న పాటల్లో మాటలు సంగీతం కింద పడిపోయాయి. ఇంగ్లిష్ ఆరాధనకు కొత్తగా వచ్చేవాళ్లకు అది ఇబ్బందే.

ఇక ‘ఓషన్స్’. పేతురు నీళ్లమీద నడిచిన మత్తయి 14వ అధ్యాయమే దీనికి ఆధారం. టాయా స్మిత్ పాడిన ఈ పాట దాదాపు తొమ్మిది నిమిషాలు. బిల్‌బోర్డ్ క్రిస్టియన్ పాటల పట్టికలో 61 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తెలుగు సంఘాల్లోనూ యూత్ మీటింగుల్లో పాడుతుంటారు, చాలాచోట్ల ఒకే తప్పు జరుగుతుంది. మొదటి పల్లవికే డ్రమ్మర్ పూర్తి బలంతో దిగిపోతాడు. ఆ తర్వాత బ్రిడ్జ్ (చరణం, పల్లవి కాకుండా మధ్యలో వచ్చే వేరే భాగం) దగ్గర పెంచడానికి ఏమీ మిగలదు. నిజానికి పాట ప్రాణమంతా ఆ బ్రిడ్జ్‌లోనే ఉంది. అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తుంటే, ప్రతి విడతకూ ఒక్కో వాయిద్యం చేరుతూ పోవాలి. మొదటి విడత ప్యాడ్ (కీబోర్డులో ఆగకుండా సాగే మెత్తని స్వరం), గొంతు చాలు. తర్వాత డ్రమ్స్‌లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), ఆపైన టామ్స్ (చేతి కర్రలతో కొట్టే డ్రమ్ములు), చివర్లోనే సింబల్స్ (తాళాలు).

అసలు శ్రుతి డి. బ్రిడ్జ్‌లో కార్డులు బి మైనర్, జి, డి, ఎ. గిటారుకు రెండో ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెడితే ఎ మైనర్, ఎఫ్, సి, జి ఆకారాలతో సులువుగా వాయించవచ్చు. కీబోర్డు ప్యాడ్‌కు డి, ఎ స్వరాలు రెండే పట్టి ఉంచండి, నాలుగు కార్డుల కిందా నిలుస్తాయి. ఎడమ చేత్తో కింది ఆక్టేవ్‌లో నిండు కార్డులు నొక్కితే మాత్రం బేస్ గిటారుతో కలిసి మురికిగా మోగుతుంది. టెంపో నిమిషానికి 66 బీట్లకు పెట్టుకుంటే, గిటారు ప్రతిధ్వనికి వాడే డాటెడ్ ఎయిత్ డిలే (ముప్పావు బీటు ఆలస్యం) 682 మిల్లీసెకన్లు. క్లిక్ (చెవిలో లయ చెప్పే టిక్ టిక్ శబ్దం) లేకుండా వాయించే బృందం బ్రిడ్జ్‌లో తప్పకుండా పరుగెత్తుతుంది, కాబట్టి కనీసం డ్రమ్మర్ చెవిలోనైనా క్లిక్ ఉండాలి.

శ్రుతి ఎంచుకునేటప్పుడు మొదటి చరణం పాడి చూసుకోవద్దు, అది కిందే ఉంటుంది. బ్రిడ్జ్ ఆఖరి విడత పాడి చూసుకోండి. అక్కడ గొంతు బిగుసుకుంటే ఒక స్వరం దించండి. మరీ దించితే చరణం మగవాళ్ల గొంతులో గొణుగుడైపోతుంది.

ఒక గిటారు, రిథమ్ ప్యాడ్ (డ్రమ్ శబ్దాలిచ్చే ఎలక్ట్రానిక్ వాయిద్యం) మాత్రమే ఉన్న సంఘాలు ‘జయాన్ అకూస్టిక్ సెషన్స్’ విని నేర్చుకోవడం మేలు. అందులో పొరలు తక్కువ, ఎవరు ఎప్పుడు ఆగుతున్నారో స్పష్టంగా వినిపిస్తుంది.