మోకాళ్ల నొప్పికి ఆక్యుపంక్చర్: కొన్నేళ్లు వాడాక నా మాట

రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగిందని, ఆపరేషన్‌కి మాత్రం ఇంకా టైముందని ఎక్స్‌రే చూసి చెప్పారు. నొప్పి బిళ్లలు వేసుకుంటే కడుపులో మంట. పైగా నాకు బీపీ ఉంది, ఆ బిళ్లలు రోజూ వాడితే అది ఇంకా పెరుగుతుందని మా ఎముకల డాక్టరే హెచ్చరించారు. అలా సూదులు గుచ్చే ఈ ఆక్యుపంక్చర్‌లో పడ్డాను. నొప్పి పోయిందా అంటే పోలేదు. వెళ్లడం మానేశానా అంటే అదీ లేదు.

సూదులంటే భయపడేవాళ్ల కోసం ముందు ఆ సంగతి. ఇంజెక్షన్ సూదిలా ఇది బోలుగా ఉండదు, మందేదీ ఎక్కించరు. నాకు వాడేవి పావు మిల్లీమీటరు మందం. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పైనుంచి వేలితో టక్కున తడతారు, చీమ కుట్టినంతే. మోకాలి చిప్ప కింద అటూ ఇటూ ఉండే గుంటల్లో ఒక్కోటి, అక్కణ్ణుంచి నాలుగు వేళ్ల కిందికి, ఎముకకు బయటి పక్కన ఇంకోటి. ఈ చివరిదాన్ని కాస్త తిప్పగానే లోపల ఏదో బరువుగా పట్టేసి, పాదం వైపు జివ్వున లాగుతుంది. “పట్టిందా అమ్మా?” అని డాక్టరుగారు అడుగుతారు, పట్టేదాకా వదలరు. తర్వాత సూదులకు క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు పెడితే కండ టపటపా కొట్టుకుంటుంది. అలా ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. మొదట్లో టెన్షన్‌గా ఉండేది, ఇప్పుడు అక్కడే కునుకు తీస్తున్నాను.

మొదటి రెండు మూడు సిట్టింగులకు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత పొద్దున్నే మంచం దిగేటప్పుడు మోకాళ్లు బిగుసుకుపోవడం తగ్గింది. మెట్లెక్కడం తేలికైంది, దిగడం మాత్రం ఇప్పటికీ కష్టమే. రోజూ మింగే బిళ్ల ఇప్పుడు పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ మాత్రమే. కానీ కోర్సు ఆపిన కొన్ని నెలలకు నొప్పి మెల్లగా తిరిగొస్తుంది.

ఇది నా ఒక్కదాని గొడవేం కాదు. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన జర్మనీ అధ్యయనంలో, మోకాళ్లు అరిగినవాళ్లకు ఎనిమిది వారాలకు మేలు స్పష్టంగా కనబడింది, ఏడాది తిరిగేసరికి ఆ తేడా మిగల్లేదు. 2006లో అక్కడే వెయ్యిమందికి పైగా రోగులతో చేసిన మరో పరీక్ష ఇంకా తమాషాగా ఉంది. పద్ధతి ప్రకారం సూదులు వేసినవాళ్లలో 53 శాతం మందికి గుణం కనిపించింది. సూది వేయాలని పద్ధతిలో చెప్పిన చోట్లు (పాయింట్లు) వదిలేసి వేరేచోట పైపైన గుచ్చినవాళ్లలో కూడా 51 శాతం! సూదుల్లేకుండా మామూలు వైద్యం చేసినవాళ్లలో 29 శాతమే. అందుకే క్లినిక్ గోడ మీద ఆ పాయింట్లు చూపిస్తూ ఒళ్లంతా చుక్కలు పెట్టిన బొమ్మ మీద నాకు పెద్ద నమ్మకం లేదు, సూది మీద ఉంది. జర్మనీలో 2007 నుంచి మోకాలి, నడుం నొప్పులకు చట్టబద్ధ ఆరోగ్య బీమాలోనే దీన్ని ఇస్తున్నారు. నా పాలసీలో పైసా రాలేదు లెండి.

నొప్పి తగ్గిన ఆ కొన్ని నెలల్లో ఏం చేస్తామన్నదే అసలు సంగతి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, పది లెక్కపెట్టేదాకా గట్టిగా కిందికి అదమడం ఫిజియోథెరపిస్టు నేర్పారు. అంతకుముందు నొప్పికి అది చేయలేకపోయేదాన్ని. తొడ కండ గట్టిపడ్డాకే నడకలో నిలకడ వచ్చింది. సగం మార్కులు దానికే వేస్తాను.

మొదట వెళ్లిన చోట సూదులు స్పిరిట్ గిన్నెలోంచి తీశారు, బీపీ మందు కూడా ఆపేయమన్నారు. అట్నుంచి అటే వచ్చేశాను. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని చికిత్సా విధానంగా గుర్తించింది గానీ, బోర్డు పెట్టిన ప్రతివాళ్లకూ చదువుందని కాదు. ఏం చదివారో అడగండి, కొత్త సూదుల ప్యాకెట్ సీలు మన ముందే విప్పించండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉంటే కరెంటు పెట్టించుకోకూడదు.

నేను వెళ్లేచోట సిట్టింగ్‌కి ఆరేడు వందలు. పది సిట్టింగులకు ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. నాలుగైదింటికి మించి ముందే కట్టకండి, ఆపాటికి ఏ తేడా లేకపోతే ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టుకోవచ్చు.