యాక్సెస్ ఫైల్ మొరాయిస్తోంది: రెండుగా విడగొట్టాలా, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మారాలా?

"ఆరేడుగురం షేర్డ్ ఫోల్డర్‌లో ఒకే యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం) ఫైల్ వాడుతున్నాం. నత్తనడక నడుస్తోంది, పైగా మాటిమాటికీ పాడవుతోంది. ఏది మేలు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు.

యాక్సెస్‌లోనే ఉండే కంపాక్ట్ అండ్ రిపేర్ ఆదేశం ప్రథమ చికిత్స మాత్రమే. డిలీట్ చేసిన రికార్డుల జాగా ఖాళీ అవుతుంది, ఫైల్ 2 జీబీ హద్దుకు దూరంగా ఉంటుంది. ముందు కాపీ తీసుకుని, అందరూ బయటికొచ్చాక చేయండి. అంతకుమించి దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

విడగొట్టడమంటే టేబుళ్లు షేర్డ్ ఫోల్డర్‌లో, ఫారాలూ క్వెరీలూ రిపోర్టులూ ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకి. చాలా ఆఫీసుల్లో విడగొట్టాక ఫారాల ఫైల్‌ని కూడా అదే ఫోల్డర్‌లో పెట్టి, అందరికీ షార్ట్‌కట్ ఇచ్చేస్తారు. దాంతో సగం ప్రయోజనం పోతుంది. ఎవరి కాపీ వాళ్ల సీ డ్రైవ్‌లోనే ఉండాలి. ఏదైనా చిన్న టేబుల్‌కి కట్టిన ఫారం ఒకటి కనబడకుండా ఎప్పుడూ తెరిచి ఉంచండి. ఫైల్‌ని ఎవరు వాడుతున్నారో గుర్తుంచుకునే లాక్ ఫైల్ ప్రతిసారీ పుట్టి చెరిగిపోవడం ఆగి, వేగంలో తేడా తెలుస్తుంది. వెతికే కాలమ్‌లకి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) తప్పనిసరి.

ఇదంతా వేగం సంగతి. నా దృష్టిలో తేల్చాల్సింది వేరే: ఫైల్‌లో రాస్తున్నది ఎవరు? యాక్సెస్‌లో సర్వర్ అంటూ ఏదీ లేదు. ప్రతి కంప్యూటరూ నెట్‌వర్క్ మీదుగా నేరుగా ఆ ఫైల్‌లో చేయి పెడుతుంది. సేవ్ అవుతుండగా వైఫై తెగినా, ల్యాప్‌టాప్ మూత వేసేసినా రాత సగంలో ఆగుతుంది. కరెంటు పోతే కంప్యూటర్లకి యూపీఎస్ ఉంటుంది గానీ, గోడకున్న నెట్‌వర్క్ స్విచ్‌కి ఉండదు. ఫలితం అదే. ఫైల్‌ని ఎన్ని ముక్కలు చేసినా ఈ కారణం పోదు.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సర్వర్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి ఉచిత రూపం ఎక్స్‌ప్రెస్. ఇందులో మన కంప్యూటర్ అడుగుతుంది, సర్వర్ రాస్తుంది. కనెక్షన్ మధ్యలో తెగితే సగంలో ఉన్న లావాదేవీని అదే వెనక్కి తీసేస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాకా పెరగొచ్చు. మన ఫారాలు యాక్సెస్‌లోనే ఉంటాయి. టేబుళ్లను మైక్రోసాఫ్ట్ వాళ్ల తరలింపు పరికరం ఎస్‌ఎస్‌ఎంఏతో తరలించి లింక్ చేస్తే సరి.

పని మాత్రం ఉంది. వేరే కంప్యూటర్లు నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌ని చేరడానికి వాడే టీసీపీ/ఐపీ మొదట ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయాలి. యెస్/నో (అవును/కాదు) కాలమ్‌లో ఖాళీ విలువలుంటే, మీరొక్కరే ఎడిట్ చేస్తున్నా ‘వేరేవాళ్లు మార్చారు’ అంటూ ఎర్రర్ వస్తుంది. ఖాళీలు నింపి, డిఫాల్ట్ సున్నా పెట్టి, టేబుల్‌కి రోవెర్షన్ కాలమ్ (రికార్డు మారిన ప్రతిసారీ దానంతటదే మారే గుర్తు) చేర్చండి. టేబుల్ మొత్తాన్ని తెరిచే ఫారాలు ఇక్కడా నెమ్మదే, కావలసిన రికార్డులే అడగాలి. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (పనుల్ని వేళకి నడిపే భాగం) ఉండదు కాబట్టి రాత్రి బ్యాకప్‌ని విండోస్ టాస్క్ షెడ్యూలర్‌కి అప్పగించండి.

వన్‌డ్రైవ్‌లో ఫైల్ పెట్టి అందరూ వాడటం అసలే వద్దు. మైక్రోసాఫ్ట్ వాళ్ల షేర్‌పాయింట్‌లోని ఆన్‌లైన్ లిస్టులు చిన్న జాబితాలకి చాలు.

నలుగురైదుగురే ఉండి, అందరికీ కేబుల్, స్విచ్‌కి యూపీఎస్ ఉంటే విడగొట్టడం సరిపోతుంది. ఒక్కరు వైఫై మీదో వీపీఎన్ మీదో ఉన్నా నేను ఎక్స్‌ప్రెస్‌కే వెళ్లమంటాను. మారిన రోజే పాత ఫైల్ పేరు మార్చి రీడ్ ఓన్లీ చేయండి, లేకపోతే పాత షార్ట్‌కట్‌తో ఎవరో ఒకరు అందులోనే ఎంట్రీలు వేస్తూ ఉంటారు.