గర్భసంచి మూతికి వి.ఐ.ఎ. పరీక్ష: ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు ఆడవాళ్లకు పనికొస్తుందా?

వి.ఐ.ఎ. అంటే గర్భసంచి మూతికి పలచని అసిటిక్ ఆమ్లం అద్ది, క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పుల్ని కంటితో చూసే పరీక్ష. ఆశా దీదీ దానికి రమ్మంటే "నాకేం జబ్బు లేదుగా" అని వెనక్కి తగ్గకండి. జబ్బు తెలియనప్పుడు చేయించుకోవలసిందే ఇది. ప్రభుత్వ కేంద్రాల్లో డబ్బు తీసుకోరు. 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు, అయిదేళ్లకోసారి. పరీక్షకు మంచి మార్కులే వేస్తాం. దానికి ముందు సిబ్బంది అడగవలసిన ప్రశ్నల దగ్గరే లోటు.

మూతికి 3 నుంచి 5 శాతం అసిటిక్ ఆమ్లంలో తడిపిన దూది అద్ది, నిండా ఒక నిమిషం ఆగి, గట్టి వెలుతురులో చూడాలి. కణాలు మారిన చోట తెల్లటి మచ్చ తేలుతుంది. ద్రావణం ఏ రోజుది ఆ రోజు కలపాలి: 5 మి.లీ. గ్లేషియల్ ఆమ్లానికి 95 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. ఇరవై సెకన్లకే చూసి "ఏమీ లేదు" అంటే ఆ మాట నమ్మడానికి లేదు. నెలసరిలో వెళ్లొద్దు. ముట్లుడిగినవాళ్లకు మారే కణాల చోటు లోపలికి జరిగిపోయి కంటికి అందదు, వాళ్లు హెచ్.పి.వి. పరీక్షో (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసేది), పాప్ స్మియరో (మూతి కణాలు తీసి మైక్రోస్కోపులో చూసేది) అడగాలి.

ఇక ప్రశ్నలు. గర్భసంచి మూతి క్యాన్సర్ దాదాపు ప్రతి కేసు వెనకా హెచ్.పి.వి. వైరస్ ఉంటుంది, అందులో 16, 18 రకాలవే సుమారు 70 శాతం. చాలామందికి రెండేళ్లలోపే అది దానంతటదే పోతుంది. పోకుండా ఎవరిలో ఉండిపోతుందన్నదే అసలు సంగతి. హెచ్.ఐ.వి. ఉంటే ప్రమాదం ఆరు రెట్లు. కిడ్నీ మార్పిడి మందులు వాడేవాళ్లకూ ఎక్కువే. ఇరవైలోపు మొదటి కాన్పు, మూడు లేదా అంతకు మించి కాన్పులు, అయిదేళ్లు దాటి గర్భనిరోధక మాత్రలు కూడా ముప్పు పెంచుతాయి. మాత్రలు మానేశాక ఆ ముప్పు తగ్గుతూ వస్తుంది.

చుట్ట సంగతి ఆడవాళ్లను అడగడానికి మొహమాటపడకూడదు. శ్రీకాకుళం తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలున్నారు. దానివల్ల అంగిటికే చేటు అనుకుంటారు గానీ, పొగాకు రసాయనాలు గర్భసంచి మూతి స్రావంలోనూ దొరికాయి.

ఇంకో మాట. భర్త తప్ప వేరెవరూ తెలియని ఇల్లాలికీ ఈ వైరస్ వస్తుంది. దీన్నిబట్టి ఎవరి నడవడినీ అనుమానించకూడదు. ఈ ప్రశ్నలు నలుగురి ముందు అడిగితే ఎవరూ నిజం చెప్పరు, కర్టెన్ వెనక, తెలుగులో అడగాలి.

మచ్చ కనిపిస్తే క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లలో అది ముదరడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో 5 నుంచి 10 ఏళ్లే. తొలి దశలో ఆ చోటు వేడితోనో చలితోనో మాడ్చేస్తే సరిపోతుంది. ముట్లుడిగాకో, భర్తతో కలిసిన తరవాతో రక్తం కనిపిస్తే మాత్రం క్యాంపు కోసం ఆగొద్దు, నేరుగా పెద్దాసుపత్రి గైనిక్ ఓపీకి వెళ్లండి.

ఫలితం చీటీ ఒడియాలో ఉంటుంది కాబట్టి, బయటికి రాకముందే పాజిటివో నెగెటివో, మళ్లీ రావలసిన తేదీ ఏదో చదివించుకోండి.