ఓఆర్‌ఆర్ సోలార్ సైకిల్ ట్రాక్: లోపల హాయి, దారిలో హారన్లు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో కట్టిన ఈ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. నేను ఎక్కువగా తొక్కేది ఈ రెండోది.

ట్రాక్‌కు వంక పెట్టలేం. నాలుగున్నర మీటర్ల వెడల్పు, ముగ్గురు పక్కపక్కన కబుర్లాడుకుంటూ పోవచ్చు. ఏప్రిల్‌లో కూడా నడినెత్తిన ఎండ పడదు. వెనక నుంచి ఎవడొస్తున్నాడో అని మాటిమాటికీ మెడ తిప్పే పనిలేదు, ఆ ఒక్క సుఖం చాలు. ఎప్పుడైనా ఓ బైకు దూరుతుంది, అది వేరే తలనొప్పి.

అసలు గొడవంతా అక్కడికి చేరడంలోనే. మాది మణికొండ. రోడ్డుకు ఎడమ అంచున పోదామంటే ఇసుక, ఆపేసిన కార్లు, ప్యాసింజర్ కనపడగానే బ్రేకేసే ఆటోలు. ఆగి ఉన్న కారు డోరు ఎప్పుడు తెరుస్తారో తెలియదు కాబట్టి దానికి కాస్త ఎడంగా జరుగుతాం. ఇక వెనక హారన్ల మోత. మొన్న నార్సింగి దగ్గర ఓ క్యాబ్ డ్రైవర్ అద్దం దించి, "అన్నా, మీకు సపరేట్ ట్రాక్ కట్టిండ్రు గదా, ఈడేం పని?" అన్నాడు. "ఆడికే పోతున్న తమ్మీ" అన్నాను. నవ్వాడు. సైడ్ మాత్రం ఇవ్వలేదు.

అతన్ని ఏమనగలం? ట్రాక్‌కు వచ్చేవాళ్లలో చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వస్తారు. రోడ్డు మీద మిగిలేది నాలాంటి మొండివాళ్లూ, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా తగిలించుకుని సైటుకు పోయే కూలీలూ, వాచ్‌మన్‌లూ. వాళ్లు పనిచేసే చోటికి ఈ ట్రాక్ పోదు. నా హెల్మెట్టూ గేర్ల సైకిలూ చూసి 'అన్నా' అన్న డ్రైవరే, వాళ్లనైతే 'అరేయ్, జరుగు' అంటాడు.

ట్రాక్ వరకైతే నాలుగు స్టార్లు. మణికొండ వైపు నుంచి వెళ్లేవాళ్లు ఆరు లోపే బయల్దేరండి, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించండి. తిరిగొచ్చేసరికి ఎనిమిది దాటితే ఆఫీసు ట్రాఫిక్ మొదలైపోతుంది. నేనైతే అప్పుడు సైకిల్ దిగి, నడిపించుకుంటూ చౌరస్తా దాటుతాను.